తూటాకు బొట్టు

వైకుంఠం పుట్టి బుద్ధెరిగాక తుపాకి పేల్చలేదు. ఈ ముక్క అతనే చెప్పుకునేవాడు, అదీ మీసం దువ్వుకుంటూ. మిఠాయి అమ్మేవాడు మిఠాయి ముట్టడు, తూటాలు అమ్మేవాడు తుపాకి ముట్టడు అనేవాడు. అసలు సంగతి ఏమిటంటే అతనికి చప్పుడంటే భయం. దీపావళి నాడు వీధిలో పిల్లలు టపాకాయలు కాలుస్తుంటే ఈ తూటాల వ్యాపారి చెవుల్లో దూది పెట్టుకుని దేవుడి గదిలో కూర్చునేవాడు. ఎవరైనా అడిగితే జపం అని చెప్పమని భార్య నాగమణమ్మకు ముందే చెప్పి ఉంచేవాడు.

పత్తర్‌గట్టీ వెనక సందులో అతని దుకాణం తాత నాటిది. వైకుంఠం పేల్చకపోయినా పని తెలిసినవాడే, ఆ మాట కాదనలేం. ఎవరైనా తుపాకి తెస్తే గొట్టంలో ఒంటికన్ను పెట్టి చూసేవాడు, ఇత్తడి కొలత ఉంగరాలు దూర్చి తీసేవాడు, దీనికి పొట్టి తూటాయే పడుతుంది, పాతకాలపు గొట్టం కాబట్టి నల్ల తుపాకిమందు తప్ప కొత్త మందు దగ్గరికి రానీయొద్దు అని తీర్పు చెప్పేవాడు. తూటా ఒక వెంట్రుక లావైతే గొట్టం మింగదు. సన్నమైతే మంట వెనక్కి కొడుతుంది. మందు మరీ ఘాటైతే గొట్టమే చీలుతుంది. అందుకే తుపాకిని కళ్లారా చూడనిదే అతను ఒక్క తూటా అమ్మేవాడు కాదు. జాతకాలు కలవనిదే నేను పెళ్లి చెయ్యను అనేవాడు. అడగనివాళ్లకు కూడా అనేవాడు.

గోడకు అవతలి పక్క షఫీఉద్దీన్ దుకాణం. తుపాకుల మరమ్మతు అతని పని. మాట తక్కువ, పని ఎక్కువ. రెండు దుకాణాల మధ్య గోడకు మూరెడు కిటికీ ఉండేది. షఫీ బాగుచేసిన తుపాకి ఆ కిటికీలోంచి వైకుంఠం చేతికి వచ్చేది, వైకుంఠం దానికి తగిన తూటా ఎంచి ఇచ్చేవాడు, అప్పుడే అది యజమాని చేతికి పోయేది. ఇరవై ఏళ్లుగా అదే పద్ధతి. చెయ్యి షఫీది, తూటా వైకుంఠానిది అని పాతబస్తీలో ఒక మాట పడిపోయింది. ఆ మాట విన్నప్పుడల్లా వైకుంఠానికి రెండో సగమే వినబడేది.

1936 దసరా దగ్గర వచ్చాయి అసలు తిప్పలు. ఆయుధపూజ నాడు కొలత ఉంగరాలూ, తూకం త్రాసూ, తూటాల పెట్టెలూ కడిగి, తుడిచి, పెట్టెకొక బొట్టు పెట్టడం తాత నాటి ఆచారం. ఆ యేడు వైకుంఠానికి భక్తి ఎక్కువైంది. పెట్టెలో పాతిక తూటాలుంటే పెట్టెకు ఒక్క బొట్టా, ఇది అమ్మవారి దగ్గర పిసినారితనం కాదా అని తోచింది. పైగా ఒక తూటాను చేతిలోకి తీసుకుని చూశాడు. ఒళ్లంతా కాగితపు చుట్ట, అడుగున గుండ్రని ఇత్తడి ముఖం, ఆ ముఖం నడుమ చిన్న రాగి బిళ్ల. దాన్ని టోపీ అంటారు. తుపాకి ఘోడా, అంటే వేలితో లాగే మీట, లాగినప్పుడు లోపలి సూది వచ్చి ఆ టోపీని కొడితేనే నిప్పు పుట్టి మందు అంటుకుంటుంది. ఇరవై ఏళ్లుగా చూస్తున్న ఆ ముఖం ఆ రోజు వైకుంఠానికి బొట్టులేని ముఖంలా కనిపించింది.

ఇక ఆగలేదు. ఊరికే పొడి కుంకుమ అయితే రాలిపోతుందని నువ్వులనూనెలో తడిపాడు. దుకాణంలోని పెట్టెలన్నీ విప్పి, ఒక్కొక్క తూటా తీసి, ఉంగరం వేలితో టోపీ మీద నిండుగా బొట్టు, కాగితపు ఒంటికి గడపకు రాసినట్టు పసుపు. పొద్దున మొదలుపెడితే సందె దీపాల వేళకు అయింది. పెట్టెలకు చాలదా అని నాగమణమ్మ రెండుసార్లు అడిగింది. ఆడవాళ్లకు ఆయుధాల సంగతి ఏం తెలుసని అతను ఆమెను వంటింట్లోకి పంపేశాడు. ఆయుధాల సంగతి తెలిసిన మగవాడు తడి పసుపు కాగితాన్ని ఉబ్బిస్తుందని, నూనె సందు చూసుకుని టోపీ లోపలికి దిగుతుందని ఒక్క క్షణమైనా అనుకోలేదు. అంతటి మేధావి.

నూనె తొందరపడే సరుకు కాదు. నెమ్మదిగా, మర్యాదగా, ఎవరికీ తెలియకుండా దిగింది. దసరా పోయింది, దీపావళి పోయింది, చలికాలం వచ్చి జల్‌పల్లి చెరువు మీద బాతులు వాలాయి.

మలక్‌పేటలో తాహిర్ నవాబు అని ఒక చిన్న జాగీర్దారు ఉండేవాడు. జాగీరు చిన్నదే కాని పట్టింపులు పెద్దవి. ఆయన దగ్గర తనంతట తానే పనిచేసే తుపాకి ఒకటి ఉంది. ఐదు తూటాలు మింగుతుంది, ఒకటి పేలగానే ఆ తన్నుకే ఖాళీ డొల్లను బయటికి ఉమ్మి రెండోదాన్ని లోపలికి లాక్కుంటుంది. ఇలాంటి తుపాకి తిండి దగ్గర కొత్త అల్లుడిలా పేచీ పెడుతుంది. తూటా కొలత, బలం అన్నీ సరిగ్గా కుదిరితేనే కదులుతుంది, లేకపోతే అలిగి కూర్చుంటుంది. దాని లోపలి స్ప్రింగు అలిసిపోతే షఫీఉద్దీన్ వారం రోజులు కూర్చుని మార్చాడు. తన దగ్గర ఎప్పటివో మిగిలి ఉన్న పాత తూటాలతో ఊరి బయట పరీక్ష చేశాడు. ఐదుకు ఐదు పేలాయి. తుపాకి కిటికీలోంచి వచ్చింది, వైకుంఠం నాలుగు పెట్టెలు ఎంచి ఇచ్చాడు, అన్నీ బొట్టు పెట్టినవే. అమ్మవారి చేతి మీదుగా పోతున్నాయి హుజూర్ అని కూడా అన్నాడట.

నవాబు కూతురి సంబంధం ఔరంగాబాదు వాళ్లతో కుదిరింది. కాబోయే వియ్యంకుడు పేరున్న వేటగాడు. ఆయనకు తన కొత్తరకం తుపాకి చూపించాలని నవాబు జల్‌పల్లి చెరువు మీద షికారు ఏర్పాటు చేశాడు. పొద్దున్నే డేరాలు, కింద పరచిన ఫరాసులు, దమ్ చాయ్. బాతులు గుంపుగా లేచాయి. నవాబు తుపాకి ఎత్తి ఘోడా లాగాడు. టిక్ మంది. చేత్తో లాగి ఆ తూటాను పారేసి రెండోది ఎక్కించబోతే అది గొట్టం వెనక మూతిలో సగం దూరి ఇరుక్కుపోయింది, ముందుకు పోదు, వెనక్కి రాదు. నవాబు దాంతో కుస్తీ పడుతుండగానే బాతులు ఆయన నెత్తిమీదుగా తీరిగ్గా దాటిపోయాయి. వియ్యంకుడు మీసం కింద చిన్నగా దగ్గాడు. ఆ దగ్గు నవాబును నెలరోజులు నిద్రపోనివ్వలేదు.

మర్నాడు ఆయన స్వయంగా బగ్గీలో సందులోకి వచ్చాడు. తుపాకిని వైకుంఠం బల్లమీద పడేసి, ఇది ఎవరి తప్పు, తుపాకిదా, తూటాదా అని అడిగాడు.

వైకుంఠం ఆ క్షణాన్ని తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నాడో లెక్కలేదు. ఇరుక్కున్న తూటాను జల్‌పల్లిలోనే ఎవరో పీకి చెరువులో పారేశారు. కళ్లముందు తుపాకి ఒక్కటే ఉంది. ఒక పెట్టె తెప్పించి విప్పి చూద్దాం హుజూర్ అంటే సరిపోయేది. నాలుగు మాటలు. కాని తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు కదా.

"నా తూటా ఎన్నడు తప్పలేదు హుజూర్," అన్నాడు. "స్ప్రింగు మెత్తబడ్డట్టున్నది."

కిటికీ తెరిచే ఉంది. అవతల షఫీఉద్దీన్ ఆకురాయి చప్పుడు ఆగింది. నవాబు తుపాకి పట్టుకుని ఆ పక్కకు వెళ్లి ఏమేమి అన్నాడో సందు మొత్తం విన్నది. షఫీ తుపాకి విప్పి శుభ్రం చేసి, దీనిలో తనకు తప్పేమీ కనబడలేదని, అయినా హుజూర్ మన్నించాలని సలాం చేసి ఇచ్చేశాడు. దాన్ని ఇక వాడేది లేదని, షఫీ చెయ్యి పోయిందని నవాబు బగ్గీ ఎక్కుతూ అన్నాడు.

పనివాడి విషయంలో చెయ్యి పోయింది అన్న మాట వైద్యుడు నాడి అందడం లేదు అన్నట్టే. నవాబు ఆ మాటను ప్రతి దావతులోనూ వడ్డించాడు. వారానికి పది తుపాకులు వచ్చే షఫీ దుకాణానికి రెండు వచ్చాయి, తర్వాత ఒకటి, తర్వాత అదీ లేదు. నలభై ఏళ్లుగా తుపాకుల మధ్య నల్లబడిన ఆ చేతులు ఇప్పుడు సందులోవాళ్ల కూరగాయల కత్తులూ, దర్జీల కత్తెరలూ సానబెట్టసాగాయి. ఆ సానరాయి రాపిడి చప్పుడు గోడ దాటి వచ్చేది. పొద్దున కిటికీలోంచి షఫీ ఎప్పటిలాగే సలాం అనేవాడు. వైకుంఠం ఎప్పటికంటే గట్టిగా సలాం అనేవాడు, ఫికర్ చెయ్యకు, మంచి రోజులొస్తాయి అని ధైర్యం కూడా చెప్పేవాడు. చెయ్యి పోవడం ఎంత పెద్ద పనివాడికైనా తప్పదు పాపం అని మనసులో జాలి కూడా పడ్డాడు. జాలిపడి తన మంచితనాన్ని తానే మెచ్చుకున్నాడు.

మాఘమాసంలో గుడిమల్కాపూర్ నుంచి మొగులయ్య వచ్చాడు. అతనికి అక్కడ జామతోట ఉంది. చిలకలనూ, పందులనూ బెదిరించడానికి ఒంటిగొట్టం తుపాకి పెట్టుకున్నాడు. రుమాలు మూట విప్పి ఐదు తూటాలు బల్లమీద నిలబెట్టాడు. మూడింటి టోపీ మీద సూది కొట్టిన గుంట స్పష్టంగా ఉంది, అయినా తూటా పేలలేదు. రెండు అసలు గొట్టంలోకే పోలేదు.

"బొట్టు మంచిగనే ఉన్నది శేట్," అన్నాడు మొగులయ్య. "పానమే లేదు."

వైకుంఠం ముందు చలిని తిట్టాడు. తర్వాత తూటాలు చేసిన విలాయతి కంపెనీని తిట్టాడు. తర్వాత మొగులయ్య తుపాకిని అనుమానించాడు. కాని ఆ తుపాకికి పదేళ్ల కిందట జాతకం చూసింది తానే. చివరికి ఒక తూటాను జాగ్రత్తగా కోసి, మందు పళ్లెంలో ఒంపి, టోపీ ఊడదీసి చూశాడు. లోపల ఎండి గరగరలాడాల్సినది నల్లగా, జిడ్డుగా, నువ్వులనూనె వాసన వేస్తూ ఉంది. కాగితపు ఒంటిని కొలత ఉంగరంలో పెట్టాడు. పసుపు కట్టిన చోట ఉబ్బి ఉంగరంలో పట్టలేదు. ఇంకో పది కోశాడు. ఏడింటిలో అదే జిడ్డు. దసరా తర్వాత వచ్చిన పెట్టెలోంచి బొట్టులేనివి పది కోశాడు. పదీ పొడిగా, నిక్షేపంగా ఉన్నాయి.

మొగులయ్యకు కొత్త తూటాలిచ్చి పంపి, వైకుంఠం గల్లా ముందు కూలబడ్డాడు. అవతల కత్తెర సానబడుతున్న చప్పుడు. తుపాకి ఆగింది షఫీ స్ప్రింగు వల్ల కాదు, తన భక్తి వల్ల. ఆ మాట ఇంత స్పష్టంగా తెలిసిపోయాక తెలియనట్టు ఉండడం చాలా కష్టం. అయినా రెండు రోజులు ఉండి చూశాడు. తాత పేరు, దుకాణం పేరు, అమ్మవారి పేరు, ఇలా ఒక్కొక్క పేరూ అడ్డం పెట్టుకున్నాడు. మూడోరోజు అన్నం సహించక నాగమణమ్మకు చెప్పాడు. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. ఇందులో అమ్మవారిని ఎందుకు లాగుతావు, నూనె కలపమని ఆమె చెప్పలేదు కదా అన్నది. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పింది.

"ఆయిన చెయ్యి పోలేదు. నువ్వు తీసినవ్. తీస్కపోయి ఇచ్చిరా."

బొట్టు తూటాలన్నీ అమ్మకం నుంచి తీసి పక్కన పెట్టి వైకుంఠం మలక్‌పేట వెళ్లాడు. దీవాన్‌ఖానాలో నవాబు పదిమందితో కూర్చుని ఉన్నాడు. ఇంతకంటే మంచి సమయం దొరకదని వైకుంఠం నిలబడి అందరి ముందూ చెప్పేశాడు. తప్పు తుపాకిది కాదు, తూటాది, షఫీఉద్దీన్ నిర్దోషి, మూర్ఖుణ్ని నేను అన్నాడు. చెబుతూ కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు.

అదే కొంప ముంచింది. నవాబు లేచి వచ్చి భుజం తట్టాడు. చూశారా, దోస్తీ అంటే ఇదీ అని సభకు చెప్పాడు. స్నేహితుడి తప్పు నెత్తిన వేసుకోవడానికి తన తాతల నాటి దుకాణాన్నే పణంగా పెట్టాడన్నాడు. తూటాకు బొట్టు పెడితే తుపాకి ఆగిందట, కథ కూడా ఎంత అమాయకంగా అల్లాడో అని ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. నిజం హుజూర్, నిజం అని వైకుంఠం మొత్తుకునేకొద్దీ వాళ్లకు అతని మీద గౌరవం పెరిగింది. అత్తరు రాసి, పాన్ ఇచ్చి, బగ్గీలో ఇంటికి పంపారు. ఇరవై ఏళ్లు గొప్పలు చెప్పుకుంటే నమ్మిన ఊరు, ఒక్కరోజు నిజం చెబితే నమ్మలేదు.

వారం తిరక్కుండా ఆ కథ పాతబస్తీ అంతా తిరిగింది. వైకుంఠం శేట్ దేవుడి లాంటివాడు. షఫీ పని ఎంత చెడిపోయి ఉంటే ఆ మహానుభావుడు అబద్ధం ఆడవలసి వచ్చిందో. కత్తెరలు తెచ్చే దర్జీలు కూడా తగ్గారు. దుకాణం తాళం వేసి నిజామాబాదులోని తమ్ముడి దగ్గరికి పోవాలని షఫీ ఆలోచిస్తున్నాడని, ఇంట్లో అతని భార్య అజ్మతున్నీసా సామాను సర్దుతున్నదని నాగమణమ్మే కబురు తెచ్చింది. వైకుంఠానికి కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది. మంచివాడన్న పేరు వినబడితే చాలు ఒళ్లు మండేది.

ఇక నోటితో లాభం లేదని తేలిపోయింది. మళ్లీ నవాబు దగ్గరికి పోయి, ఈసారి ఏడవకుండా, తమాషా ఒకటి చూపిస్తాను, అదే చెరువు దగ్గర, అదే తుపాకి, అదే వియ్యంకుడు కావాలన్నాడు. తుపాకి ఆనాటి నుంచి నవాబు ఇంట్లోనే బీరువాలో ఉంది. దాన్ని షఫీ చెయ్యి తాకకూడదన్నాడు. తాకితే అప్పుడు బాగుచేశాడంటారు. తమాషా అంటే నవాబు ఎప్పుడూ కాదనడు. కాని ఇంకోసారి ఆ తుపాకి ఎత్తి వియ్యంకుడి దగ్గు వినే ధైర్యం ఆయనకు లేదు. ఎవరు పేలుస్తారని అడిగాడు.

"నేనే హుజూర్," అన్నాడు వైకుంఠం. ఆ మాట అన్నది తానేనా అని తానే చుట్టూ చూశాడు.

శుక్రవారం నమాజు అయ్యాక జల్‌పల్లి చెరువు కట్ట మీదికి సగం సందు తరలివచ్చింది. షఫీఉద్దీన్ రానన్నాడు. వైకుంఠం చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. రెండు కంచాలు పెట్టాడు. ఒకదానిలో బొట్టు తూటాలు, ఒకదానిలో బొట్టులేనివి. రెండూ ఒకటే కంపెనీ, ఒకటే కొలత, ఒకటే మందు అని పెట్టెల మీది గుర్తులు చూపించాడు. ఏవి ఎక్కించాలో వియ్యంకుడినే ఏరమన్నాడు. ఆయన బొట్టువి ఐదు ఏరి తానే ఎక్కించి తుపాకి చేతికిచ్చాడు.

వైకుంఠం చెవుల్లో అప్పటికే దూది ఉంది. కళ్లు కూడా మూసుకున్నాడు. నీళ్ల వైపు గొట్టం పెట్టి ఘోడా లాగాడు. టిక్. ఆలస్యంగా పేలుతుందేమోనని వియ్యంకుడు చెప్పినట్టు కాసేపు కదలకుండా నిలబడి, ఆ తూటా పారేసి రెండోది లాగితే మళ్లీ టిక్. మూడోది గొట్టం మూతిలో ఇరుక్కుంది. కట్ట మీద జనం గుసగుసలాడారు. చూశారా, తుపాకి ఇంకా చెడిపోయే ఉంది అని ఎవరో అన్నారు. షఫీ నేల చూపులు చూస్తున్నాడు. వియ్యంకుడు ఇరుక్కున్నదాన్ని పీకి, లోపల మిగిలినవి దులిపేసి, గుడ్డతో గొట్టం తుడిచి, బొట్టులేనివి ఐదు ఎక్కించాడు.

వైకుంఠం కులదైవాన్ని తలచుకుని లాగాడు.

ఆ చప్పుడుకు చెరువు అవతలి గట్టు మీది కొంగలు లేచాయి. తుపాకి మడమను భుజానికి ఆనించుకోవాలని ఇరవై ఏళ్లుగా ఊరందరికీ చెబుతున్న మనిషి దాన్ని భుజానికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకున్నాడు. అది గుర్రంలా తన్నింది. తలపాగా ఒక పక్క, తాను ఒక పక్క పడ్డాడు. పడ్డది కూడా గేదెలు పొర్లిన బురదలో, నడుము లోతుదాకా. తుపాకిని మాత్రం వదల్లేదు. అది పొగలు కక్కుతూ, ఖాళీ డొల్లను దూరంగా ఉమ్మేసి, రెండోదాన్ని లోపలికి లాక్కుని సిద్ధంగా ఉంది. చూసినవాళ్లందరికీ ఆ సంగతి తెలిసింది. వియ్యంకుడు పరుగున వచ్చి తుపాకి అందుకుని, మిగతా నాలుగూ తానే వరసగా పేల్చాడు. నాలుగూ పాలు తాగినంత హాయిగా వెళ్లాయి.

ఆ తర్వాత కట్ట మీద లేచిన నవ్వు మలక్‌పేట దాకా వినిపించి ఉంటుంది. నవాబు పొట్ట పట్టుకుని ఫరాసు మీద కూలబడ్డాడు. నిజంగానే బొట్టు పెట్టావా, ఒక్కొక్కదానికీ పెట్టావా అని అడిగి అడిగి నవ్వాడు. ప్రతిదానికీ పెట్టాను హుజూర్, నిండుగా పెట్టాను అని వైకుంఠం బురదలోంచే ఒప్పుకున్నాడు. అప్పుడు నవాబు లేచి అందరూ చూస్తుండగా షఫీఉద్దీన్ దగ్గరికి నడిచి, అతని కుడిచెయ్యిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు. ఇంత మంచి చేతిని తప్పుబట్టానని అన్నాడు. వైకుంఠం ఆశపడింది ఆ ఒక్క దృశ్యం కోసమే. ఒంటి నిండా బురదతో దాన్ని చూశాడు, చాలా సంతోషపడ్డాడు.

తిరుగుదారిలో జట్కాలో ఇద్దరే కూర్చున్నారు. వైకుంఠానికి లోలోపల తన మీద తనకు మెప్పు మళ్లీ మొలకెత్తింది. పరువు గంగలో కలిస్తే కలిసింది, స్నేహితుణ్ని కాపాడాను అనిపించింది. షఫీ ఏదైనా అంటాడేమోనని యాకుత్‌పురా దాకా ఎదురుచూశాడు. చివరికి తానే ఎత్తుకున్నాడు. ఆ మొగులయ్య రాకపోతే నాకూ తెలిసేది కాదు, నీకూ తెలిసేది కాదు, నీ చెయ్యి నిజంగానే పోయిందని నువ్వు కూడా అనుకుంటూ ఉండేవాడివి కదా అన్నాడు.

షఫీ తన బొటనవేలి గోరు చూసుకున్నాడు.

"మొదటినాడే తెల్సింది భాయ్. బందూకు విప్పిన గదా. గొట్టం మూతిల పసుపు ఉండె. గోరుతోని గీకిన."

వైకుంఠం లెక్కవేసుకున్నాడు. మూడు నెలలు. నవాబు తిట్లు, కత్తెరలు, అజ్మతున్నీసా సర్దిన సామాను. ఆ మూడు నెలలూ పొద్దున్నే కిటికీలోంచి వచ్చిన సలాం. ఫికర్ చెయ్యకు అని తాను చెప్పిన ధైర్యం కూడా గుర్తొచ్చి జట్కాలోంచి దూకేద్దామా అనిపించింది.

"మరి చెప్పకపోతివి?"

"నేనెట్ల చెప్పాలె? అమ్మవారి పసుపుతోని బందూకు ఆగిందని నువ్వంటే నవ్వుతరు. నేనంటే నవ్వరు. దినాలు గట్లున్నయి. ఎవడో ఒకడు ఆ మాట పట్టుకొని నీ దుకాణం ముందట లొల్లి పెడుతుండె, ఇంకొకడు నా దుకాణం ముందట. చెయ్యి పోయిందంటే నా ఒక్కని పనే పోతది. పోతే పోనీ అనుకున్న."

అంతే అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు, అదే వైకుంఠం తట్టుకోలేకపోయాడు. స్ప్రింగు మెత్తబడ్డట్టున్నది అన్న తన మాట షఫీ చెవిన పడిందా అని అడగాలనుకున్నాడు. అడగలేకపోయాడు. పడిందని అతనికి తెలుసు.

జట్కా సందులోకి వచ్చి ఆగింది. షఫీ తన దుకాణం తీసి, వైకుంఠాన్ని బల్లమీద కూర్చోబెట్టి, భుజం చూపించమన్నాడు. బురద కుర్తా విప్పితే భుజం ఎముక మీద అరచేయంత మేర నల్లగా కమిలి ఉంది. షఫీ కుంపటి రాజేసి, ఉప్పు మూట వేడిచేసి, కాపడం పెట్టసాగాడు. చెయ్యి తేలిగ్గా, ఎక్కడ నొప్పి ఉందో ముందే తెలిసినట్టు కదిలింది. వైకుంఠం ఏడ్చాడు. చిన్నపిల్లవాడిలా భుజాలు ఎగరేసి ఏడ్చాడు.

"మస్తు నొస్తున్నది భాయ్," అన్నాడు.

"నొస్తది మరి," అన్నాడు షఫీఉద్దీన్. కాపడం ఆపకుండా, ఆ ఏడుపు గోడ అవతలికి వినబడకుండా అతను రెండో చేత్తో కిటికీ తలుపు దగ్గరగా వేశాడు.